వంటింట్లో మంటలు రాకుండా ఏడు అమోఘమైన చిట్కాలు

వంటింటి ప్రమాదాలకు గ్యాసూ, నూనే కారణమని అందరూ ఆడిపోసుకుంటారు. అసలు కారణం అతిజాగ్రత్త. కింది చిట్కాలు పాటించండి, భయమన్నది మీ గడప తొక్కదు.

1. గ్యాస్ గొట్టం మార్చకండి. దానిమీద అచ్చేసిన తేదీ చూసుకుని ఐదేళ్లకోసారి కొత్తది వేయించాలట! తాతగారి గోడగడియారం ఇప్పటికీ కొట్టడం లేదూ? పగుళ్లు కనిపిస్తే టేపు చుట్టండి. సబ్బునురగ రాసి బుడగలొస్తున్నాయేమో చూసే తీరికే ఉంటే, అదే సబ్బుతో నాలుగు గిన్నెలు తోమేయొచ్చు.

2. గ్యాస్ అయిపోవస్తే బండని పడుకోబెట్టండి. నిలబెట్టి ఉంచితే పైకొచ్చేది ఆవిరి ఒక్కటే. పడుకోబెడితే లోపలి ద్రవం కూడా రెగ్యులేటర్లోకి, గొట్టంలోకి వచ్చేస్తుంది, మంట ఒక్కసారిగా ఎగసిపడుతుంది. డబ్బు పోసి కొన్న 14.2 కిలోల్లో ఒక్క చుక్కైనా వదలడమెందుకు?

3. గ్యాస్ వాసనొస్తే ముందు లైటు వెయ్యండి. చీకట్లో లీకు ఎలా కనబడుతుంది? వెంటనే ఎగ్జాస్ట్ ఫ్యాను కూడా నొక్కండి. స్విచ్చిలో నిప్పురవ్వ పుడుతుందని కిటికీలు తెరుచుకుని కూర్చునేవాళ్ల ఇంట్లోకి దోమలొస్తాయి. పైగా వంటగ్యాసు గాలికంటే బరువు, నేలమీదే పేరుకుంటుంది. మన ముక్కులు అంత కిందికి లేవుగా! ఆ కంపు కూడా గ్యాసుది కాదు, లీకైతే తెలియాలని ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. కావాలని కలిపిన కంపుకి కంగారెందుకు?

4. మూకుట్లో నూనె పోసి, మంట పెద్దది చేసి, సీరియల్ చూడ్డానికి వెళ్లండి. పొగ రావడం మొదలైతే ఇంకా కాగనివ్వండి. గారెలు కరకరలాడతాయి.

5. నూనె అంటుకుంటే చెంబెడు నీళ్లు కుమ్మరించండి. ఇది చూడాల్సిన దృశ్యం. నూనెకంటే బరువైన నీళ్లు మూకుడు అడుక్కి దిగుతాయి, దిగుతూనే ఆవిరై సుమారు 1,700 రెట్లు ఉబ్బుతాయి, మండుతున్న నూనెని కప్పుదాకా ఎగజిమ్ముతాయి. చెంబెడు నీళ్లకి ఇంత ఫలితం ఇంకెక్కడుంది? పిరికివాళ్లయితే పొయ్యి కట్టేసి, పక్కనుంచి మూత జరిపి, మూకుడు పూర్తిగా చల్లారేదాకా తియ్యరు. మంట గాలాడక చస్తుంది. వినోదమూ దాంతోపాటే పోతుంది. మూత దొరక్కపోతే మూకుడు రెండు చేతులా పట్టుకుని పెరట్లోకి పరుగెత్తండి. దారిలో పిల్లలుంటే వాళ్లే తప్పుకుంటారు.

6. పండగ వంట నైలాన్ చీరలోనే చెయ్యండి. కొంగు దోపుకోకండి, అందం పోతుంది. నూలుబట్ట అయితే మసి మిగులుతుంది, నైలాన్ అయితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. అంత ఆప్యాయత నూలుకెక్కడిది?

7. చెయ్యి కాలితే టూత్‌పేస్టు, లేదా సిరా. కుళాయి కింద ఇరవై నిమిషాలు చెయ్యి పెట్టుకుని నిలబడితే నీళ్ల బిల్లు పెరుగుతుంది. పేస్టు అయితే చల్లగా ఉంటుంది, కింద చర్మం ఎంత లోతుగా కాలిందో ఆస్పత్రిలో డాక్టరుకీ తెలియకుండా దాచిపెడుతుంది.

ఈ ఏడింట్లో కల్పన ఒక్కటీ లేదు. ఏదో ఒకటి మన ఇళ్లలో రోజూ జరుగుతున్నదే, అదీ మంచిదనుకునే చేస్తున్నాం. ఒక్కో చిట్కానీ తిరగేసి పాటించండి. ఈ పూట పొయ్యి వెలిగించే ముందు గొట్టం మీది తేదీ చూడండి, నూనె మూకుడికి సరిపోయే మూత చేతికందేచోట పెట్టుకోండి, రాత్రి పడుకోబోయే ముందు రెగ్యులేటర్ కట్టెయ్యండి. గ్యాస్ లీకైతే 1906కి, మంటలొస్తే 101కి ఫోన్ చెయ్యండి. ఏ నంబరైనా అందరూ ఇంట్లోంచి బయటికొచ్చాకే.