ఠంగుమనని రూపాయి

దొంగనోటు పట్టుకోవడానికి నాకు కళ్లక్కర్లేదు. ముప్పై ఏళ్లు బ్యాంకు కౌంటరు వెనక నోట్లు లెక్కపెట్టిన వేళ్లివి. కట్టలో తేడా నోటు తగిలితే బొటనవేలు దానంతటదే ఆగిపోయేది. రిటైరైన రోజు శాలువా కప్పుతూ మేనేజరుగారు కూడా ఈ మాటే అన్నారు. ఆ శాలువా ఇంకా బీరువాలోనే ఉంది. ఈ మధ్య బీరువా తలుపు తీయాలంటే సిగ్గేస్తోంది.

ఒక ఆదివారం వంకాయలకని బయల్దేరి, దారిలో గోనెపట్టా పరుచుకుని పాత సామాన్లు అమ్ముతున్న ఒకాయన ముందు గొంతుక్కూర్చున్నాను. తుప్పు తాళాలు, మూతలేని మరచెంబులు, వాటి మధ్య ఆరో జార్జి వెండి రూపాయి. సంవత్సరం చూశాను. 1939!

నాణేల పిచ్చి ఉన్నవాళ్లకి ఆ అంకె చాలు, వంకాయలు మర్చిపోవడానికి. 1939 దాకా రూపాయిలో వెండి నూటికి 91.7 పాళ్లు. యుద్ధం వచ్చి పడ్డాక 1940 నుంచి దాన్ని సగానికి దించేశారు. 1947కల్లా వెండి మొత్తం పోయి నికెల్ రూపాయి వచ్చింది. ఆ మేలు వెండి రూపాయిల్లో ఆఖరిది 1939ది. జనం చేతికి వచ్చినవి బహు తక్కువ. అందుకే నకిలీగాళ్లకి అదంటే అంత మోజు. కొందరు తేలిగ్గా దొరికే 1938 రూపాయి తెచ్చి, చివరి 8ని చెక్కి 9 చేస్తారు. వెండి అసలుదే, అబద్ధం ఆ ఒక్క అంకెలోనే. కొందరికి అంత ఓపిక కూడా ఉండదు, ఏకంగా పోతపోసేస్తారు. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. ఆ పది నిమిషాలూ మాత్రం ఒక్కటీ గుర్తు రాలేదు.

పైగా అంచు చూసి మురిసిపోయాను. నిలువు గీతల నడుమ సన్నటి గాడి, అందులో నగిషీ. "ఆహా, ఏం పనితనం!" అని పైకే అన్నాను. అమ్మేవాడి ముందు అనకూడని మాట. ధర అక్కడికక్కడే ఇంకో వెయ్యి పెరిగింది. బియ్యపు గింజల్ని లాగే నాణెం ఉందంటే నమ్మి లక్షలు పోగొట్టుకున్నవాళ్ల వార్తలు పేపర్లో చదివి పకపకా నవ్విన మనిషిని నేనే.

పరీక్షలన్నీ ఇంటికొచ్చాకే మొదలుపెట్టాను. పెళ్లయ్యాక జాతకాలు చూపించుకున్నట్టు.

ముందు అయస్కాంతం. ఫ్రిజ్ మీది బాతుబొమ్మ ఊడబీకి పెట్టాను, అంటుకోలేదు. పొంగిపోయాను. అంటుకుంటే దొంగదే కానీ, అంటుకోనంత మాత్రాన మంచిది కాదు. జర్మన్ సిల్వర్ కూడా అంటుకోదు. దాంట్లో వెండి గుండు సున్నా. రాగి, నికెల్, జింకు, పైన ఆ గొప్ప పేరు. తర్వాత ఐసుముక్క. వెండి వేడిని చురుగ్గా లాగుతుంది కాబట్టి దానిమీద ఐసు గబగబా కరగాలి. కరిగింది. పక్కన స్టీలు పళ్లెంలో పెట్టిందీ కరిగింది. అది మే నెల, కరెంటు లేదు.

ఇక తూకం. ఆ కాలపు రూపాయి సరిగ్గా తులం, 11.66 గ్రాములు. కంసాలులు 'రూపాయెత్తు' అని తూచింది అందుకే. నా డిజిటల్ త్రాసులో నాది 9.7 తూగింది. "పాతది కదా, అరిగిపోయి ఉంటుంది" అని సర్దిచెప్పుకున్నాను. రాజుగారి కిరీటం మీద ఒక్క పూస కూడా అరగలేదు. మరి ఆ రెండు గ్రాములూ ఎక్కడ అరిగినట్టు?

అనుమానం తీరక, మా ఆవిడ గుడికెళ్లిన సమయం చూసి, దేవుడి మందసంలోంచి ఆవిడ రూపాయి తీశాను. 1918 నాటిది, అయిదో జార్జి. వాళ్ల నాయనమ్మ ఇచ్చింది. ఏటా వరలక్ష్మీవ్రతానికి కలశంలో పడుతుంది. "ఇలాంటివి వీధికి వంద" అని నేను ఎన్నోసార్లు ఎకసెక్కెమాడిన నాణెం. (రాజుగారి అంగీ మీది ఏనుగు 1911లో అచ్చం పందిలా ఉందని గొడవైతే, మరుసటేడే దాన్ని ఏనుగులా దిద్దారు. నేను ఈ కథ చెప్పినప్పుడల్లా ఆవిడ ఆవులిస్తుంది.)

గ్లాసుడు నీళ్లు త్రాసు మీద పెట్టి, అంకె సున్నాకి తెచ్చి, నాణేన్ని దారానికి కట్టి, అడుగు తగలకుండా ముంచాను. త్రాసు చూపించేది నాణెం పక్కకి నెట్టిన నీటి బరువు. నాణెం బరువుని దాంతో భాగిస్తే సాంద్రత వస్తుంది. మేలు రూపాయికి 10.3 దగ్గర రావాలి. ఆవిడది 11.55, నీళ్లలో 1.12. భాగిస్తే సరిగ్గా 10.3. నాది 8.6. మూడుసార్లు ముంచాను. గ్లాసు మార్చాను. దారం మార్చాను. ఫిల్టరు నీళ్లు పోశాను.

అప్పుడు తట్టింది అంచు సంగతి. గాడి పెట్టిన ఆ అంచు 1940లో వచ్చింది. వెండి తగ్గించాక నకిలీలు పెరుగుతాయని పెట్టిన కాపలా అది. 1939 రూపాయికి ఉండేవి ఉత్త నిలువు గీతలే. ఆ మహానుభావుడెవరో తర్వాతి నాణేనికి మూస తీసి, అంకె మార్చి, అంచు మర్చిపోయాడు. నేను వెయ్యి ఎక్కువిచ్చింది సరిగ్గా ఆ మరుపుకే.

ఆవిడ ఎప్పుడొచ్చిందో, వంటింట్లో పోపు చిటపటలాడుతోంది. చివరి ఆశగా రెండు నాణేలూ ఒకదాని తర్వాత ఒకటి గట్టు మీద జారవిడిచాను. మొదటిది ఠంగుమని, గుడిగంటలా కాసేపు సాగింది. రెండోది టక్కుమంది.

ఆవిడ వెనక్కి తిరగలేదు. "మొదటిది మా నాయనమ్మది. రెండోదేమిటండీ, సీసా మూతా?"

సంతలో నెయ్యమ్మిన మనిషి మనవరాలు మరి. ఆ నాయనమ్మ ప్రతి రూపాయినీ సన్నికల్లు మీద మోగించి గాని కొంగున కట్టేది కాదట.

"పాత రూపాయి. ఊరికే, సరదాకి కొన్నాను" అన్నాను.

"ఎంతకి?"

అసలు ఇచ్చింది ఎనిమిది వేలు. "అయిదొందలు" అన్నాను.

ఆవిడ స్టవ్ ఆపింది. గరిటె పక్కన పెట్టి, అప్పుడు తిరిగింది నావైపు.

"ఇదీ మోగలేదండీ."