అప్రస్తుత ప్రసంగం

ప్రతి తరం కథకుడికీ ఒక ఆస్థాన జబ్బు ఉంటుంది. మా నాన్నగారి కాలంలో కథానాయకుడికి క్షయ. రెండు పేజీలు దగ్గి, మూడో పేజీలో రుమాలు మీద ఎర్రటి చుక్క చూసుకునేవాడు. నా కుర్రతనంలో కథానాయికకి బ్లడ్ క్యాన్సర్. జుట్టు చెదరకుండా, కాటుక కరగకుండా మూడు పాటలు పాడి కన్నుమూసేది. మొన్న దీపావళి సంచికకి కథ అడిగిన సంపాదకుడు "కాస్త ఈ కాలం వాసన ఉండాలండీ" అన్నాడు. ఈ కాలం అనగానే నాకు ఏడీహెచ్‌డీ, అదే ధ్యాస నిలవని అవస్థ, తట్టింది. ఏ పేరంటంలో చూసినా "మావాడికి అదేనేమోనండీ" అనేవాళ్లు ఒకరైనా ఉంటున్నారు. పైగా సులువు. మతిమరుపు పడేస్తే హాస్యం దానంతటదే తేలుతుందనుకున్నాను.

మొదటి ప్రతి ఒక్క పూటలో అయిపోయింది. హీరో పేరు చంద్రం. కళ్లజోడు నెత్తిమీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతాడు. పాలు పొంగబెట్టి పేపరు చదువుతాడు. పెళ్లిచూపులకి బయల్దేరి, దారిలో కాజాలు కొని, కుర్రాళ్ల క్రికెట్ చూస్తూ నిలబడిపోయి, చివరికి ఇంకెవరింట్లోనో కూర్చుని బూందీ తినేస్తాడు. రాస్తూ నేనే నవ్వుకున్నాను. మా ఆవిడ నవ్వలేదు.

"భలే భలే మగాడివోయ్‌లో నాని చేసేశాడుగా ఇదంతా" అంది. 2015లో వచ్చిన సినిమా. నేను పదేళ్లు ఆలస్యంగా కనిపెట్టానన్నమాట.

"ముందు మన పిల్లకి చూపించండి" అని కూడా అంది. మన పిల్ల అంటే మా అక్క కూతురు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇరవయ్యారో ఏట డాక్టరు ఏడీహెచ్‌డీ అని తేల్చాడు. అంతకుముందు మా కుటుంబమంతా కలిసి తేల్చింది వేరు. ఆ సంగతి తర్వాత చెప్తాను.

కథ వాట్సాప్‌లో పంపి "ఆదివారం లోపు చదువు తల్లీ" అన్నాను. ఆ ఆదివారం వెళ్లింది. ఇంకో రెండు ఆదివారాలూ వెళ్లాయి. ఒక గురువారం రాత్రి రెండున్నరకి ఫోన్ మోగింది. ఆ వేళప్పుడు మోగితే మా వయసువాళ్లం ముందు ఎవరు పోయుంటారో లెక్క వేసుకుంటాం.

"మావయ్యా, నీ చంద్రం తాపేశ్వరంలో గొట్టం కాజా కొన్నాడు!"

"కొంటే?"

"గొట్టం కాజా కాకినాడది. తాపేశ్వరానిది మడత కాజా. పదిన్నర నుంచీ దీనిమీదే ఉన్నాను. పొరలు ఎలా విడతాయో వీడియోలన్నీ చూసేశాను. ఇంట్లో మైదా ఉంటే వేసి కూడా చూశాను. రాలేదు."

"మరి మిగతా కథ?"

"ఇంకా మొదటి పేజీలోనే ఉన్నా."

నాలుగు గంటలు కాజా మీద కూర్చోగలిగిన మనిషికి ధ్యాస లేదంటారేమిటని అడిగాను. "లేకపోవడం కాదు మావయ్యా. మీ అందరికీ కుళాయి తిప్పితే వస్తుంది. నాది మునిసిపాలిటీ నీళ్లు. వాటికి బుద్ధి పుట్టినప్పుడే వస్తాయి. వచ్చినప్పుడు బిందెలు చాలవు."

ఇలా లాభం లేదు, శాస్త్రం తిరగేద్దామనుకున్నాను. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో అచ్చువేసిన లక్షణాల పట్టిక చూశాను. ధ్యాస నిలవకపోవడం కింద 9, కుదురులేనితనం, తొందరపాటు కింద 9. రెంటిలో ఏదో ఒకదాంట్లో పిల్లలకైతే 6, పదిహేడేళ్లు నిండినవాళ్లకి 5 ఉండాలి. వాటిలో కొన్నైనా 12 ఏళ్ల లోపే కనిపించి ఉండాలి. ఒక్కచోట కనిపిస్తే చాలదు, ఇంట్లోనూ బళ్లోనూ, లేదా ఇంట్లోనూ ఆఫీసులోనూ, కనీసం రెండుచోట్ల ఉండాలి. కూరలు తెమ్మన్నప్పుడు మాత్రమే నాకు వినపడకపోవడం దీని కిందికి రాదని మా ఆవిడ నా భుజం మీంచి చదివి చెప్పింది.

ఇది నిన్నగాక మొన్న పుట్టిన ఫ్యాషనూ కాదట. ఫ్రాంక్‌ఫర్ట్ డాక్టరు హైన్రిష్ హాఫ్‌మన్ తన మూడేళ్ల కొడుకు కోసం రాసి బొమ్మలేసిన పుస్తకం 1845లో అచ్చయింది. దాని తర్వాతి కూర్పులో చేరిన ఫిలిప్ అనే పిల్లాడు భోజనాల దగ్గర కుర్చీ ఊపి ఊపి, వెనక్కి పడుతూ బల్లమీది గుడ్డ పట్టుకుని, గిన్నెలతో సహా ఈడ్చేస్తాడు. ఏడీహెచ్‌డీ అన్న పేరు ఖాయమైంది 1987లో. అంటే పాత్ర పుట్టిన నూట నలభై ఏళ్ల తర్వాత బారసాల జరిగిందన్నమాట. దీన్లో జన్యువుల వాటా 70 శాతం పైమాటేనని పరిశోధకుల లెక్క. ఆ ముక్క ఫోనులో చెప్పగానే మా అక్క "వాళ్ల నాన్నవైపు" అంది.

రెండో ప్రతిలో చంద్రానికి 18కి 18 వడ్డించేశాను, పెళ్లిలో క్యాటరింగ్ వాడు విస్తరి నింపినట్టు. కుర్చీలో ఊగుతాడు, ఎదుటివాడి మాట పూర్తి కానివ్వడు, క్యూలో నిలబడలేడు, తాళాలు పారేస్తాడు, రైలుకి ఎప్పుడూ ఆలస్యమే. మూడో పేజీకల్లా చంద్రం మనిషి పోకడ పోయి ఆస్పత్రి ఫారంలా తయారయ్యాడు.

ఈసారి జవాబు అరగంటలో వచ్చింది, పదకొండు నిమిషాల వాయిస్ మెసేజ్. అందులో నాలుగు నిమిషాలు పైఫ్లాటు వాళ్ల కుక్క గురించి. మిగతాది నా గురించి.

"నీ చంద్రం అన్నీ మరిచిపోయి హాయిగా ఉన్నాడు మావయ్యా. ఆ హాయి మాకెక్కడిది? మొన్న కరెంటు బిల్లు. బ్యాంకులో డబ్బుంది, చేతిలో ఫోనుంది, రెండు నిమిషాల పని. పదకొండు రోజులు రోజూ గుర్తొచ్చింది, అదీ స్నానం చేస్తున్నప్పుడు. ఒళ్లు తుడుచుకునేలోపు పోయేది. చివరికి కరెంటు తీసేశారు. చీకట్లో కూర్చుని నలభై సెకన్లలో కట్టేశాను. బద్ధకమా అంటే, బద్ధకస్తుడు హాయిగా నిద్రపోతాడు కదా? నాకు ఆ పదకొండు రోజులూ నిద్ర లేదు."

రైలు సంగతికి వచ్చేసరికి ఇంకా కోపగించుకుంది. "ఒకసారి గౌతమి తప్పింది. అప్పట్నుంచీ గంటన్నర ముందే స్టేషన్లో ఉంటాను. నాలుగింటికి ఎక్కడికైనా వెళ్లాలంటే నా రోజు పొద్దున్నే అయిపోతుంది. బ్యాగు ఒళ్లో పెట్టుకుని సోఫాలో కూర్చుంటాను. పదేళ్లుగా తాళాలు పారేసుకునేవాడు ఏదో ఒక ఉపాయం కనిపెట్టుకోడూ? అంత మొద్దా నీ చంద్రం?"

ఆమె తాళాలు మెడలో తాడుకి వేలాడుతుంటాయి. ఫోనులో అలారాలకి పేర్లున్నాయి: "స్నానం", "స్నానం, నిజంగా", "ఫోన్ కింద పెట్టి లే". మాత్ర వేసుకోవడానికి మూడు అలారాలు. ఆ మాత్ర వేసుకోవాలని గుర్తుండాలంటే ముందు ఆ మాత్ర పడి ఉండాలి, అదీ చిక్కు.

నాకు సిగ్గేసింది. సిగ్గేసిన రచయిత చేసే పనే నేనూ చేశాను: మూడో ప్రతిలో చంద్రాన్ని మేధావిని చేసేశాను. పుష్పలో షెకావత్‌గా మనందరినీ భయపెట్టిన ఫహద్ ఫాజిల్, తనకి 41వ ఏట ఏడీహెచ్‌డీ అని తెలిసిందని 2024లో కేరళలో ఒక సభలో చెప్పాడు. అది చదివిన ఉత్సాహంలో చంద్రం చేత రెండు హత్యకేసులు ఛేదింపజేశాను. అన్నీ అతనికున్న ‘వరం’ వల్లే.

మేనకోడలు వినాయక చవితికి రాజమండ్రి వచ్చినప్పుడు మూడో ప్రతి నా ముందే చదివింది. చదువుతూ రెండుసార్లు లేచి మా వంటింట్లో డబ్బాలకి లేబుళ్లు అంటించింది.

"వరమైతే ఎవరికి తిరిగివ్వాలో చెప్పు, ఇచ్చేస్తాను. అయినా ఎందుకులే, వాపసు గడువు ఎలాగూ దాటేస్తాను" అంది.

మాట మార్చడానికి నేను భాషాశాస్త్రంలోకి దూరాను. దీన్ని తెలుగులో ‘అవధాన లోపం’ అనొచ్చు కదా, అవధానమంటే ధ్యాసే కదా అన్నాను. ధ్యాసని రంగస్థలం ఎక్కించి చప్పట్లు కొట్టించుకున్న జాతి మనది. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి అవధానాన్ని జనానికి మప్పారు. ఎనిమిదిమంది పృచ్ఛకులు. ఒకాయన సమస్య ఇస్తాడు, ఒకాయన దత్తపది, ఒకాయన అక్షరాలు నిషేధిస్తాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన "అవధానిగారూ, మీ ఇంట్లో వంకాయకూర ఎవరు వండుతారు?" అంటూ అడ్డుపడతాడు, ఆయన ఉద్యోగమే అది. అన్నీ దాటి చివర్లో పద్యాలన్నీ వరసగా అప్పజెప్పడం ధారణ.

పిల్ల పకపకా నవ్వింది. "నా బుర్రలో రోజూ అష్టావధానమే మావయ్యా! కాకపోతే ఎనిమిదిమందీ అప్రస్తుత ప్రసంగం వాళ్లే. ఇక ధారణ అంటావా..." అని ఆగింది. ఆలోచించింది. "ఏం చెప్తున్నాను?" అంది.

నేనూ నవ్వాను. ఆ ఊపులోనే "మేం దీన్ని శ్రద్ధ లేకపోవడం అనేవాళ్లం" అన్నాను. నవ్వు ఆగిపోయింది.

ఇంగ్లీషు వాడి అటెన్షన్ చూపుకీ చెవికీ సంబంధించినది. మన శ్రద్ధ అలా కాదు. అందులో ధ్యాసతోపాటు భక్తి ఉంది, గౌరవం ఉంది. శ్రద్ధతో పెట్టేది కనకే శ్రాద్ధమయింది. శ్రద్ధ లేదంటే చెవి వినలేదని కాదు, మనసు మంచిది కాదని. ఆమాటకొస్తే ఇంగ్లీషు వాళ్లూ మొదట తక్కువ తినలేదు. 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు, తెలివి బాగానే ఉండీ కుదురులేని పిల్లల గురించి ఉపన్యాసాలిస్తూ, వాళ్లకి లోపించింది నైతిక నిగ్రహమన్నాడు.

"ఏడో తరగతి" అంది పిల్ల. "మూడో యూనిట్ టెస్టు. ప్రోగ్రెస్ కార్డు మీద టీచరు ‘తెలివైనదే, శ్రద్ధ లేదు’ అని రాస్తే అమ్మ నీకు చూపించింది. నువ్వు ఉప్మాలోంచి పచ్చిమిరపకాయలు ఏరి పళ్లెం అంచున పెడుతున్నావు. తలెత్తకుండానే ‘నిజమేనక్కా, దీనికి శ్రద్ధ ఉంటే కలెక్టరయ్యేది’ అన్నావు."

నాకు గుర్తులేదు. గొడుగులూ తాళాలూ కరెంటు బిల్లూ నిలవని బుర్రలో నా ఉప్మా పళ్లెం పదిహేనేళ్లుగా అలాగే ఉంది. ఏమనాలో తోచక "ఎన్ని మిరపకాయలు?" అనడిగాను.

"నాలుగు" అంది.

ఆ రాత్రి చంద్రాన్ని చింపేశాను. నాలుగో ప్రతిలో హీరో లేడు, ఏడో తరగతి పిల్ల ఉంది. ఊగదు, అరవదు, బల్లమీది గుడ్డ లాగదు. వెనక బెంచీలో కూర్చుని కిటికీలోంచి చూస్తుంటుంది. ఇలా చడీచప్పుడూ లేకుండా ఉంటారు కనకే చాలామంది ఆడపిల్లల విషయం ఆలస్యంగా బయటపడుతుంది. ఈ పిల్లే పెద్దయ్యాక చీకట్లో కూర్చుని కరెంటు బిల్లు కడుతుంది. ఇదంతా అడిగీ చదివీ, కొట్టేసీ దిద్దీ రాశాను. ఒక్క సన్నివేశం మాత్రం ఏ పట్టికా చూడకుండా ఏకబిగిన వచ్చేసింది. ఒక మావయ్య ఉప్మా తింటూ ఒక్క మాటంటాడు.

కథ అచ్చయింది. ఫోన్లు వచ్చాయి. "ఆ అమ్మాయి సంగతి మాకు తెలీదు గానండీ, మావయ్య పాత్ర భలే సహజంగా ఉంది" అన్నారు అందరూ. మేనకోడలు రెండు కాపీలు కొంది, మొదటిది ఎక్కడ పెట్టిందో తెలియక. చదవడం ఇంకా కాలేదట.

మా ఆవిడ మాత్రం పత్రిక పూర్తిగా చదివి మడిచి, టిఫిన్ పళ్లెం నా ముందు పెడుతూ "ఈ మావయ్యని ఎక్కడ పట్టుకున్నారండీ?" అంది.

ఉప్మా. నేనేం మాట్లాడలేదు. మిరపకాయలతో సహా తినేశాను.