గేటుకు గ్రీజు, ఫైలుకు బూజు

ఆనకట్ట తెగాక దిగువ ఊళ్లకు వరద ముప్పు తగ్గించడానికి రాష్ట్ర ప్రభుత్వం ప్రణాళిక వేస్తుంది. ఈ పని సాధారణంగా నీళ్లు తీసిన మర్నాడు మొదలవుతుంది. అంతకు ముందే మొదలైన దాఖలాలు తక్కువ.

ముందుగా కారణం తేలుస్తారు. కారణం ఎప్పుడూ వానే. 2021 నవంబర్ 19 ఉదయం, కడప జిల్లా రాజంపేట మండలంలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట అంతకు ముందే తెగింది. స్పిల్‌వే వదలగలిగింది 2.17 లక్షల క్యూసెక్కులు, వచ్చింది 3 లక్షలకు పైగా అని లెక్క చెప్పారు. లెక్కలో తప్పేమీ లేదు. ఉన్న ఐదు గేట్లలో ఒకటి అంతకు ముందు ఏడాది వరదకే దెబ్బతిని లేవకుండా పోయిందన్న సంగతి మాత్రం ఆ లెక్కకు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. వానకు సంజాయిషీ నోటీసు ఇవ్వడం కుదరదు గనుక ఈ పద్ధతి అందరికీ అనుకూలం. దిగువన ఆ వరదలో మునిగిన పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట వాసులకు తప్ప.

తర్వాత ఉన్నతస్థాయి కమిటీ. ఆ వెనకే అంచనాలు. తెగిన కట్ట స్థానంలో ఇంకా పెద్ద కట్ట, ఇంకా ఎక్కువ గేట్లు, వందల కోట్లు. అన్నమయ్య విషయంలో ఇవన్నీ సక్రమంగానే నడిచాయి. 2024 ఎన్నికల నాటికి కట్ట ఒక్కటే లేవలేదు.

ఈ అంచనాల్లో కనిపించనిది నిర్వహణ. గేటు తాళ్లకు గ్రీజు, రబ్బరు సీళ్లు, తుప్పు గీకి వేసే రంగు, కరెంటు పోతే జనరేటరుకు డీజిలు. కొత్త ప్రాజెక్టు ముందు ఇవి చిల్లర ఖర్చులే. వచ్చిన చిక్కల్లా, గ్రీజు డబ్బాకు శంకుస్థాపన చేయడానికి ఎవరూ రారు. ప్రకాశం జిల్లా గుండ్లకమ్మ జలాశయంలో 2022 ఆగస్టు 31న ఒక గేటు కొట్టుకుపోయింది. అప్పుడూ పరిశీలనలు జరిగాయి, హామీలు వెలువడ్డాయి. 2023 డిసెంబర్‌లో మరో గేటు కొట్టుకుపోయింది.

చట్టం లేక ఇలా జరుగుతోందనుకుంటే పొరపాటు. చెయ్యేరు విషాదం జరిగి రెండు వారాలు తిరక్కముందే, 2021 డిసెంబర్ 2న, ఆనకట్టల భద్రత బిల్లు రాజ్యసభ గడప దాటింది. ఏటా వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి కట్టలను పరిశీలించాలని ఆ చట్టం చెబుతుంది. కట్ట తెగితే నీళ్లు ఏ ఊరికి చేరతాయో, ఎవరిని ఎలా తప్పించాలో తెలిపే అత్యవసర కార్యాచరణ ప్రణాళికను అమల్లోకి వచ్చిన ఐదేళ్లలో సిద్ధం చేయాలంటుంది. ఆ గడువు సంగతి వరదకు తెలియజేసే సెక్షన్ మాత్రం అందులో లేదు.

2024 జులై 18న అశ్వారావుపేట దగ్గర పెద్దవాగు కట్ట తెగినప్పుడు ప్రణాళికకు ఇంకో కోణం తోడైంది. కట్ట తెలంగాణలో ఉంది, ఆయకట్టులో పెద్ద భాగం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది, ప్రాజెక్టును అప్పగించింది గోదావరి నదీ యాజమాన్య బోర్డుకు. ఇన్ని ఇళ్ల చుట్టానికి ఏ ఇంట్లోనూ విస్తరి పడనట్టు, మరమ్మతు ఎవరి పద్దులో రాయాలన్నది చర్చనీయాంశమైంది. నీళ్లు ఆ చర్చకు ఆగకుండా దిగువకు, ఆంధ్రా ఊళ్లకూ చేరుకున్నాయి.

ప్రణాళిక చివరి అధ్యాయం ముందస్తు హెచ్చరిక. ఇందులో సైరన్లు, సెన్సర్లు, కంట్రోల్ రూము, ఎవరు ఎవరికి సమాచారం అందించాలో బాణం గుర్తులతో చూపే పటం ఉంటాయి. చెయ్యేరు ఒడ్డున 2021లో ఆ పని చేసింది ప్రాజెక్టు దగ్గర గేట్లు చూసుకునే లస్కరు, తన ఫోనుతో. ఖాళీగా ఉన్న లస్కరు పోస్టుల భర్తీ మాత్రం ఈ ప్రణాళిక పరిధిలోకి రాదు. అది ఆర్థిక శాఖ పరిశీలనలో ఉండే విషయం.