బొమ్మ ఎన్ని అడుగులు బావా?

డాలస్,
5 జనవరి 2025

బావకి,

మీరంతా క్షేమమేనని అడక్కుండానే తెలిసింది. క్షేమంగా లేనోడెవడూ డిసెంబరు 31 అర్ధరాత్రి హ్యాపీ న్యూ ఇయర్ కూడా చెప్పకుండా 2024 సినిమాల ర్యాంకుల లిస్టు పంపడు.

లిస్టు చూశాను. బజ్జీల కాగితం వెనక రాసి ఫొటో తీసి పంపావు. నూనె మరక వెళ్ళి వెళ్ళి ఐదో ర్యాంకు మీద పడింది. అది 'టిల్లు స్క్వేర్' అని నేను, 'లక్కీ భాస్కర్' అని రూమ్మేటు, రెండు రోజులుగా ఇక్కడ పొయ్యి మీద పప్పు మాడబెట్టుకుంటున్నాం. మరక కింద ఏదున్నా సరే, ఈ లిస్టు నేను ఒప్పుకోను. అభ్యంతరాలు రాసి, నీలాగే ఫొటో తీసి పంపుతున్నా. బండి దగ్గర నలుగురినీ కూర్చోబెట్టి పైకి చదువు. ఫోన్లో చెబుదామంటే నా మాట సగంలో ఉండగానే "రెండు మిర్చి, ఒక ఆలూ, ముప్ఫై" అంటావు. అది నాతో అన్నదో గిరాకీతో అన్నదో తేల్చుకునేలోపు బ్యాలెన్సు అయిపోతుంది.

రూమ్మేటు విజయవాడ వాడు. లిస్టు చూసి, "43, 48, 53 ఏంటివి, హీరోల వయసులా?" అన్నాడు. కూర్చోబెట్టి చెప్పాను. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మా బావ బజ్జీల బండి దగ్గర స్టార్లు, పాయింట్లు చెల్లవు, బొమ్మ ఎన్ని అడుగులొచ్చిందన్నదే లెక్క. 43 లోపలుంటే ఏట్లో నీళ్ళున్నాయి, బొమ్మలో కథ లేదు. 43 దాటితే టికెట్ డబ్బులు గిట్టాయి. 48 అయితే పక్కూరి చుట్టాలకి కబురు పెట్టొచ్చు. 53 అయితే ఇంటిల్లిపాదీ మూటాముల్లె సర్దుకుని థియేటర్‌కి తరలాల్సిందే. 2022 జులై వరద 71.3 అడుగులు. ఆ గీత 'బాహుబలి 2'కి రాసిచ్చారు. ఇక 1986 ఆగస్టులో వచ్చిన 75.6 గీత తాతయ్య 'లవకుశ' పేరున పట్టా చేయించేశాడు. ఎడ్లబండి కట్టుకెళ్ళి చూసిన బొమ్మని బైకెక్కి వెళ్ళి చూసిన బొమ్మ ఎట్లా దాటుతుందిరా అంటాడు. ఆ పట్టా రద్దు చేసే తహసీల్దారు ఇంకా పుట్టలేదు.

అంతా విని విజయవాడోడు కాసేపు ఆలోచించి, "మా బ్యారేజీకి 70 గేట్లు. మేం ఎన్ని ఎత్తితే అంత హిట్టని పెట్టుకోవచ్చు" అన్నాడు. రోగం అంటుకుంది. మొన్న కూర ఎలా ఉందని అడిగితే పన్నెండు గేట్లన్నాడు.

ఇక లిస్టు సంగతి. 'హనుమాన్'కి 53 ఇచ్చారు. ఇవ్వాల్సిందే. జనవరి 12న 'గుంటూరు కారం'తో ఒకే రోజు దిగి, మొదట్లో థియేటర్లే సరిగ్గా దొరక్కపోయినా పండగంతా తనదే చేసుకుంది. నా అభ్యంతరం మార్కుల మీద కాదు, మీరు పక్కన రాసిన కారణం మీద. "స్వామివారి సినిమాకి తగ్గిస్తే కళ్ళు పోతాయి - అత్తయ్య." ఇది సమీక్షా, శాపమా? పైగా మళ్ళీ ఒక అడుగు కోసి 52 చేశారు. టికెట్‌కి ఐదు రూపాయలు చొప్పున నిర్మాతలు అయోధ్య గుడికిచ్చారు, మన రామయ్యకి పైసా ఇవ్వలేదని కండక్టర్ బాబాయి అలిగాడట. "దక్షిణ అయోధ్య మనది, దక్షిణ మాత్రం ఉత్తరాదికి పోయింది" అన్నాడట. ఆ మాటకి బాబాయికి ఒక ప్లేటు ఫ్రీగా పెట్టు, నా ఖాతాలో రాసుకో. అడుగు మాత్రం తిరిగి కలపండి.

'గుంటూరు కారం'కి మీరు 38 రాశారు. అంటే హెచ్చరిక కూడా లేదు, ఇసక మేటలు కనబడుతున్నాయన్నమాట. అది మొదటి రోజు లెక్క బావా! ఆ కుర్చీ పాట లేకుండా పోయినేడాది మన దగ్గర ఒక్క బారాత్ కదిలిందా? అక్క ఆడపడుచు పెళ్ళి వీడియోలో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని ఆ పాటకి ఊగిన శాల్తీ ఎవరు? తిట్టిన నోటితోనే పాడుకున్నాక కూడా 38 అట్లాగే ఉంటే ఎట్లా? అసలు నా గొడవంతా ఇక్కడే. గోదావరి 43 కిందికి దిగితే మొదటి హెచ్చరిక ఉపసంహరించామని అధికారులు ప్రకటన ఇస్తారు. నీ బండి దగ్గర మొదటి రోజు రాసిన అంకె, తర్వాత జనం మాట మారినా మారదు. మొదటి ఆట వదిలినప్పుడు ఎవడో చొక్కా చించుకుంటూ బయటికొచ్చి 53 అని అరిస్తే, సోమవారానికి థియేటర్లో ఫ్యాన్లు మాత్రమే తిరుగుతున్నా, అంటే సీలింగు ఫ్యాన్లు, నీ పలక మీద 53 చెరగదు. ఇకనుంచి రెండుసార్లు కొలవండి. మొదటి రోజు ఒకసారి, టీవీలో వేశాక అత్తయ్య ముందు ఒకసారి. అత్తయ్య మధ్యలో చిక్కుడుకాయలు ఒలవడానికి లేచిందంటే ఉపసంహరణ. ఆగస్టు 15న వచ్చిన 'మిస్టర్ బచ్చన్', 'డబుల్ ఇస్మార్ట్' రెంటికీ ఆ చిక్కుడుకాయల దాకా కూడా అక్కర్లేకపోయింది. అదే రోజు వచ్చిన చిన్న సినిమా 'ఆయ్' మాత్రం నిలబడింది.

కండక్టర్ బాబాయి కొలత వేరని నాకు తెలుసు, అది నాకిష్టం కూడా. ముప్ఫై ఏళ్ళు ఖమ్మం బస్సులో టికెట్లు కొట్టినాయన సినిమా చూడడు, జనాన్ని చూస్తాడు. మధ్యలో ఎంతమంది దిగిపోయారు, ఇంటర్వెల్ తర్వాత ఎంతమంది ఎక్కారు. నూటికి అయిదుగురు దిగితే మామూలే అంటాడు. ఇరవైమంది దిగితే బండి బ్రేక్‌డౌన్ అంటాడు. పేపర్లో రాసే వాళ్ళకి కూడా ఇంత సూటి పద్ధతి లేదు.

'కల్కి' దగ్గర నాకు జరిగిన అన్యాయం మర్చిపోను. జూన్ 26 బుధవారం సాయంత్రం ఇక్కడ నేను ముప్ఫై డాలర్ల దాకా పోసి టికెట్ కొన్నది సినిమా చూడ్డానికి. కానీ మీకు అది గురువారం తెల్లవారుజాము, మీ ఆట ఇంకా పడలేదు. కాబట్టి నేను ప్రేక్షకుడిని కాదు, మీ గేజీ రీడర్‌ని. ఇంటర్వెల్‌లో అందరూ పాప్‌కార్న్ లైన్లో ఉంటే నేను బాత్రూంలో నిలబడి గుసగుసగా "ఇప్పటికి 46, ఇంకా పెరిగే సూచనలున్నాయి" అని చెప్పాల్సొచ్చింది. పక్కన చేతులు కడుక్కుంటున్న తెల్లాయన అనుమానంగా చూసి, చేతులు తుడుచుకోకుండానే వెళ్ళిపోయాడు. అంత కష్టపడి చెబితే మీ ప్రశ్నేంటి? "కాశీలో గంగ ఎండిపోయింది సరే, మన గోదావరి ఏమైందట?" నాగ్ అశ్విన్ నాకు చెప్పలేదు బావా. భాగం రెండులో చూపిస్తాడేమో. అప్పటిదాకా కరకట్ట మీద ఇల్లు కొనొద్దు.

ఇక్కడి హాళ్ళలో మన గోల గురించి కూడా చెప్పాలి. ఒక థియేటర్లో కాగితాలు చల్లితే షో ఆపేస్తామని బోర్డు పెట్టారు. తెలుగులో పెట్టారు! ఆ గౌరవానికి కళ్ళు చెమర్చి, ఆ ఆనందంలో మనోళ్ళు రెండు గుప్పిళ్ళు ఎక్కువ చల్లారు. నేను చల్లలేదు. అవతల సారపాక పేపరు మిల్లు పెట్టుకున్న ఊరోణ్ణి, వీళ్ళు చల్లే ఆ టిష్యూ ముక్కలు చూస్తే నాకు నామోషీగా ఉంటుంది. చల్లితే కట్టలు కట్టలుగా చల్లాలి.

స్థానిక కోటా విషయంలో నేను నీ పక్షమే. సినిమా వాళ్ళు మన ఊరిని చూస్తే పడవలోంచే చూస్తారు. 1973లో 'అందాల రాముడు' రాజమండ్రిలో లాంచీ ఎక్కి వచ్చింది, 2006లో 'గోదావరి' కూడా అక్కడే ఎక్కింది. వాళ్ళకి మనం ఎప్పుడూ దిగే రేవే, ఎక్కే రేవు కాదు. కొత్తగూడెంలో రైలు దిగి బస్సులో నిలబడి వచ్చేవాడి భద్రాచలాన్ని ఇంకా ఎవరూ తీయలేదు. అందుకని మన చుట్టుపక్కల తీసినవాటికి రెండడుగులు కలపడం న్యాయమే. 'ఆచార్య' కోసం చిరంజీవి, రామ్‌చరణ్ ఇల్లందు ఓపెన్‌కాస్టు దాకా వచ్చారని 2022లో కలిపాం. కలిపినా 43 రాలేదు, అది వేరే సంగతి.

'పుష్ప' మొదటి భాగానికీ అట్లాగే ఇచ్చాం. కథ శేషాచలంది, చెట్లు మన చింతూరు దాటితే వచ్చే మారేడుమిల్లివి. యాస చిత్తూరుది, నీడ మనది. అయితే దుమ్ముగూడెం నుంచి తునికాకు లెక్కల పని మీద వచ్చే పెద్దాయన అప్పుడు చెప్పిన మాట నాకు ఇంకా గుర్తే. అందరూ హీరో భుజం ఎగరేయడం చూస్తుంటే ఆయన మాత్రం వెనక దుంగలు మోసేవాళ్ళ భుజాలు చూశాడు. దుంగ మోసేవాడు ముందు కండువాని నాలుగు మడతలేసి భుజం మీద పెట్టుకుంటాడు, లేకపోతే బెరడుకి తోలు ఊడొస్తుంది, వీళ్ళలో ఒక్కడి భుజం మీదా గుడ్డ లేదేంటి అన్నాడు. అంతే అని టీ తాగేసి వెళ్ళిపోయాడు. ఈ డాలస్‌లో మైకులు పట్టుకుని థియేటర్ బయట నిలబడేవాళ్ళు ఎవరూ అంత మాట అనలేదు.

రెండో భాగం రోజు మాత్రం నువ్వు నన్ను దెబ్బకొట్టావు. డిసెంబరు 4 ఉదయం ఏడున్నర ప్రాంతంలో ములుగులో భూమి కదిలింది, 5.3 తీవ్రత, మన ఇంట్లో గిన్నెలు కూడా గలగలమన్నాయని అక్క చెప్పింది. నేను కంగారుగా ఫోన్ చేస్తే నువ్వేమన్నావు? "ఏం లేదురా, బొమ్మ ఇంకా పడలేదు, ట్రైలర్ ఇది." అదే రాత్రి తొమ్మిదిన్నర ఆటకి, టికెట్ మీద ఎనిమిది వందలు అదనంగా పెట్టి, ఖమ్మం దాకా వెళ్ళావు. అప్పుడు మాకు ఉదయం పదిగంటలు. ఇన్నాళ్ళూ అమెరికా టాక్ అని నేను వెలిగాను, ఆ రోజు నువ్వు నాకంటే ముందు చూశావు. ఆట వదిలాక నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ ఆఫీసు మీటింగులో పొరపాటున పేలింది. మూడు ఈలలు, ఒక డప్పు, "జాతర సీను చూస్తే నువ్వు చీర కట్టుకుంటావురోయ్" అన్న నీ గొంతు. మా మేనేజరు, ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా అని అడిగింది. బాగానే ఉన్నారు, పండగ అన్నాను.

తెల్లారాక తెలిసింది, అదే రాత్రి హైదరాబాదు సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయిందని, కొడుకు ఆస్పత్రిలో ఉన్నాడని. నీ లిస్టులో 'పుష్ప 2' పక్కన అడుగులు లేవు, గీత గీసి వదిలేశావు. దానికి నా అభ్యంతరం లేదు.

మొదటి ర్యాంకు మీద కూడా లేదు. 'సరిపోదా శనివారం' ఆగస్టు 29న వచ్చింది, సరిగ్గా ఆ శనివారమే వాన మొదలైంది, ఆదివారానికి మున్నేరు ఖమ్మంలోకొచ్చేసింది. ప్రకాశ్‌నగర్ వంతెన మీద చిక్కుకున్న తొమ్మిదిమంది కోసం జేసీబీ వేసుకుని నీళ్ళలోకి వెళ్ళి అందరినీ వెనక్కి తెచ్చినాయన్ని నువ్వు ఏడాది మొత్తానికి ఒకటో నంబరులో రాశావు. హీరో ఎంట్రీకి వెనక పాట లేదు, చివర్లో పార్ట్ 2 ప్రకటన లేదు. తాతయ్య కూడా 75.6లో వాటా ఇస్తానన్నాడంటే నేను నమ్మలేదు, అక్కని అడిగి ఖాయం చేసుకున్నా.

అక్క విడిగా తన లిస్టు పంపింది, నీకు చెప్పలేదంట. అందులో ఒకటే సినిమా ఉంది, '35'. నువ్వు దాన్ని "35 అడుగులంటే స్నానఘట్టం మెట్లు కూడా మునగవు" అని ఎగతాళి చేశావట. ఆ సినిమా చూశాక చిన్నోడు లెక్కల సారుని సున్నాకి విలువ లేకపోతే పది తొమ్మిదికంటే ఎట్లా పెద్దదైందని అడిగి, మూడు రోజులు బెంచీ ఎక్కి నిలబడ్డాడట. అక్క గర్వంగా చెప్పింది. నువ్వు ఆ లిస్టుని గౌరవించకపోతే నీకు బజ్జీల పిండి కలిపేవాళ్ళుండరు. ఆలోచించుకో.

అసలు విషయం. ఈ పదో తారీఖున ముక్కోటి ఏకాదశి, 'గేమ్ ఛేంజర్' ఒకే రోజు పడ్డాయి. ముందురోజు సాయంత్రం తెప్పోత్సవం, తెల్లవారుజామున ఉత్తర ద్వార దర్శనం. ఊరి నిండా జనం, నీ బండికి ఏడాదిలో పెద్ద గిరాకీ. డిసెంబరులో మన ముఖ్యమంత్రి అసెంబ్లీలో బెనిఫిట్ షోలు ఉండవన్నారు, ఆంధ్రాలో మాత్రం అర్ధరాత్రి ఒంటిగంట ఆటకి అనుమతిచ్చారు, టికెట్ ఆరొందలు. 2014లో చుట్టూ ఊళ్ళన్నీ అటు పోయి టౌను ఇటు మిగిలింది కదా, ఎటపాక దాటితే ఆంధ్రానే కదా అని నువ్వు రాత్రికి రాత్రి మారేడుమిల్లి ఘాటు మీదుగా రాజమండ్రి వెళ్ళి, చూసి, ఉత్తర ద్వారం తెరిచే వేళకి వచ్చేస్తానని బాబాయితో పందెం కాశావట. అక్క ఏడుస్తూ ఫోన్ చేసింది. రానూపోనూ లెక్క వేస్తే ద్వారం తెరిచేసరికి నువ్వు ఇంకా ఘాటులో మలుపులు తిరుగుతుంటావు, అత్తయ్య గుడి ముందు నిలబడి నిన్ను తిడుతుంటుంది.

నేను తొమ్మిదో తారీఖు సాయంత్రం ఇక్కడ ప్రీమియర్ చూస్తున్నా. టికెట్ కొనేశాను. ఇంటర్వెల్‌కి ఒకటి, చివర్లో ఒకటి, అడుగులు పంపుతాను, బాత్రూం నుంచే. నువ్వు మూకుడు దగ్గర నుంచి కదలకు. బాబాయితో కాసిన పందెం డబ్బులు నేనే ఇస్తాను, ఎంతో రాయి.

చిన్నోడికి ముద్దులు. అత్తయ్యకి దండాలు. ఇప్పపువ్వు లడ్డూలు ఎవరైనా వస్తుంటే పంపించు, పోయినసారి కస్టమ్స్ వాళ్ళు డబ్బా తెరిచి వాసన చూసి వదిలేశారు.

ఇట్లు
నీ బామ్మర్ది

తా.క. ఆ నూనె మరక కింద ఏముందో ముందు చెప్పు. ఇక్కడ ఇరవై డాలర్లు పందెం ఉంది.