పెంపకానికి కుక్కనిచ్చే ముందు ఇల్లు చూచుట: సటీక తాత్పర్యం

మూలం: గేటు సందు చూడుము, మిద్దె చూడుము, కండె చూడుము, గొలుసు చూడుము, ఇల్లుగలాయనను అడుగుము, పిమ్మట పిల్లనిమ్ము.

అవతారిక: శ్రీ సత్యసాయి జిల్లాలో దెబ్బతిన్న జంతువులకు పుట్టపర్తిలోని కరుణా సొసైటీ 2000 నుంచి ఆశ్రయమిస్తోంది. ఆవుల కడుపుల్లో ప్లాస్టిక్ పేరుకుంటోందని 2012లో సుప్రీంకోర్టుకెక్కిన సంస్థ అదే. ఇలా ఒడ్డునపడిన ప్రాణిని ఒకరి చేతిలో పెట్టే ముందు ఆ ఇల్లు చూసి రావడమే ఈ సూత్రానికి విషయం. పెళ్లిచూపుల్లా కాక, ఇక్కడ ప్రశ్నలన్నీ పిల్లనిచ్చేవారివే.

గేటు సందు: గేటుకూ నేలకూ మధ్య ఎడం. హిందూపురంలో ‘మా గేటు గట్టిదండీ’ అంటారు. గట్టిదే. కానీ కుక్కపిల్ల దాన్ని విరగ్గొట్టదు, కిందనుంచి దూరుతుంది. అవతల బెల్లం, చింతపండు లోడు లారీలు.

మిద్దె: పిట్టగోడ ఎత్తు, నీడ. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండలో, ఒళ్లంతా చెమట పట్టని జంతువుకు రొప్పడమొక్కటే దిక్కు. మిద్దె మీద రేకుల షెడ్డు నీడ కాదు, పొయ్యి.

కండె: పోగు చుట్టిన గొట్టం. ఇది పట్టు మగ్గాల ధర్మవరానికి విశేషం. మగ్గమున్న ఇంట్లో పిల్లినిచ్చేటప్పుడు పడుగు దగ్గర, మగ్గం గుంటలో, మంచం కింద వంగి చూడాలి. పిల్లి నాలుక మీది ముళ్లు లోపలికి వాలి ఉంటాయి. నోట పడిన పట్టుపోగును ఉమ్మలేదు, మింగుతుంది. ఒక కొస నాలుక కింద చిక్కుకుందా, పేగు ఆ దారం వెంట ముడతలు పడి కోసుకుపోతుంది. ఆపరేషన్ తప్పదు. అందుచేత ‘పిల్లులంటే ఇష్టమా?’ అన్నది వృథా ప్రశ్న. ‘రాత్రిపూట కండెలు ఎక్కడ పెడతారు?’ అని అడగాలి.

గొలుసు: పిల్ల రాకముందే స్తంభానికి వేలాడేది. ‘కాపలాకండీ’ అని సమాధానం. మరీ పొట్టి గొలుసుతో అదేపనిగా కట్టేయడం, కట్టేసిన కుక్కను తిప్పకపోవడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరాలు. ప్రమాణం చూపినా గొలుసు విప్పని ఇంటికి దండం పెట్టి లేవడమే మర్యాద.

ఇల్లుగలాయన: పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019లో కియా కార్లు మొదలయ్యాక చుట్టుపక్కల అద్దె ఇళ్లకు గిరాకీ. అగ్రిమెంటు 11 నెలలకు. కుక్క ఆయుష్షు పదేళ్ల పైమాటే. ఓనరు సరేనన్నాడా, బదిలీ అయితే కుక్కా లారీ ఎక్కుతుందా అని తేల్చుకోవాలి.

విశేషం: మూలంలో ఒక మాట లేఖకుడి చేతిలో జారిపోయిందని వ్యాఖ్యాత అనుమానం: ‘అవ్వను చూడుము’. కుక్క కావాలని అడిగేది కొడుకు, ఫొటో దిగేది మనవడు, రెండు పూటలా గిన్నె పెట్టేది ఆమె. వంటింటి గడప దగ్గర నిలబడి ఏమీ మాట్లాడదు. ఆమె గనక ‘ఎర్రగడ్డ ఏసిన పులుసు పెట్టొచ్చునా నాయనా?’ అని అడిగితే సగం పని అయినట్టే. ఉల్లి కుక్క రక్తకణాలను పాడుచేస్తుంది, వద్దనాలి. సంగటి మజ్జిగలో పిసికి పెట్టవచ్చని చెప్పి, ఫారం మీద ముందు ఆమె సంతకం తీసుకోవాలి. కొడుకుది తర్వాత.