మర విప్పి చూసే బ్యాటరీ

మా ఓబులదేవరచెరువు వైపు టార్చిలైటును బ్యాటరీ అనే అంటాం. లోపల వేసేవి షెల్లులు. ఇప్పుడు అంగట్లోకి పోయి బ్యాటరీ కావాలప్పా అంటే అక్కడి పిల్లోడు సెల్‌ఫోన్ బ్యాటరీ తీసి చూపిస్తాడు. పేరు పోతే పోయింది, పనితనం కూడా పోయిందనేదే నా బాధ.

మొన్న మా మనవడు కదిరిలో నూటయాభై రూపాయలు పెట్టి ఒక ప్లాస్టిక్ బ్యాటరీ తెచ్చినాడు. వెలుతురు చాల్లేదంట. చాకుతో అతుకు చీల్చి, లోపల బియ్యపుగింజంత రెసిస్టర్ ఉంటే దాన్ని పెరికేసి, ఆ చోట తీగముక్క కలిపినాడు. "తాతా, ఇప్పుడు చూడు, డబుల్ వెలుతురు వస్తాది" అన్నాడు. వచ్చింది, కాదనను. ఇంటి ముందర వేపచెట్టు కొసదాకా కడిగినట్టు తెల్లగా పడింది. మూడో రోజుకు వెలుతురు నీలంగా తిరిగింది. నాలుగో రోజు ఆరిపోయింది. చీల్చిన డొప్ప మళ్లీ అతుక్కోలేదు, చెత్తలో పడింది. డబ్బు పోయినందుకు నేనేమీ అనలేదు. ఎందుకు ఆరిపోయిందిరా అని అడిగితే "చీప్‌ది తాతా, ఇంకోటి తెచ్చుకుందాం" అన్నాడు చూడండి, అప్పుడు ఒళ్లు మండింది.

ఆ రెసిస్టర్ ఉత్తినే పెట్టింది కాదు. ఎల్‌ఈడీ గుండా ఎంత కరెంటు పోవాలో హద్దు గీసేది అదే. హద్దు తీసేస్తే వెలుతురుతో పాటు వేడీ పెరుగుతుంది. ఆ వేడి పోయేందుకు వెనక ఇంత అల్యూమినియం రేకైనా లేదు, చుట్టూ ప్లాస్టిక్కే. ఎల్‌ఈడీలో అసలు పుట్టేది నీలం వెలుతురు. పైన పూసిన పసుప్పచ్చ ఫాస్ఫర్ దాన్ని తెలుపు చేస్తుంది. ఆ పూత మాడితే మళ్లీ నీలమే బయటపడుతుంది. ఆ నీలం ఎల్‌ఈడీని సాధించినందుకు అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురికి 2014లో నోబెల్ బహుమతి ఇచ్చినారు. అంత గొప్ప వస్తువును మనం నాలుగు రాత్రుల్లో మాడ్చి పారేస్తున్నాం.

మా రోజుల్లో వెలుతురు పెంచడమంటే ముందు అది ఎక్కడ పోతోందో వెతకడం. మా నాయనకు రెండు షెల్లుల ఇత్తడి బ్యాటరీ ఉండేది. మోటారుకు కరెంటు అర్ధరాత్రి దాటినాక ఇచ్చే కాలం. కరెంటు వచ్చిందంటే కయ్యలకు నీళ్లు కట్టను పోవాల్సిందే. చెనిక్కాయ ఊరే నెలల్లో అడవిపందుల కావలి వేరే. చేతిలో బ్యాటరీ మసకబారితే కాలు ఎక్కడ పడుతుందో దేవుడికే తెలియాలి.

అందుకని ఆయన పదిహేను రోజులకొకసారి గోనెపట్ట పరుచుకుని కూర్చునేవాడు. అడుగు మూత తిప్పి తీసి, స్ప్రింగు బయటికి లాగి, ఉప్పుకాగితం ముక్కతో కొస తెల్లగా మెరిసేదాకా రుద్దేవాడు. మూత మరల్లో పట్టిన పచ్చటి చిలుమును కిరసనాయిలు గుడ్డతో తుడిచేవాడు. స్విచ్చి కింద ఉండే ఇత్తడి పట్టీని గోటితో కొంచెం పైకి లేపేవాడు, అది షెల్లులాగే అలసిపోతుందిరా అనేవాడు. చివరికి బల్బు అడుగున సీసపు బొట్టును గరుకు గుడ్డ మీద ఒక్కసారి గీకేవాడు. పైసా ఖర్చు లేదు. మూత బిగించి చెరువుకట్ట వైపు వేస్తే తూమురాయి కనపడేది, అదీ ఆయన పరీక్ష.

నేను పెద్దయి బడిలో సైన్సు చెప్పేటప్పుడు ఈ లెక్క పిల్లలతో వేయించేవాణ్ణి. రెండు షెల్లులు కలిస్తే 3 వోల్టులు. బల్బు లాగేది సుమారు 0.3 ఆంపియరు. అంటే బల్బు అడ్డం 10 ఓములు. చిలుము వల్ల దారిలో ఇంకొక్క ఓము చేరిందనుకోండి, బల్బుకు అందేది 2.7 వోల్టుల చిల్లర. వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుతురు కూడా పదో వంతే తగ్గుతుందనుకుంటారు పిల్లలు. కాదు, పావు వంతుకు పైగానే పోతుంది. ఫిలమెంటు బల్బు గుణమే అది. మా నాయనకు ఓము అనే మాట తెలియదు, ఆ పావు వంతు మాత్రం ఉప్పుకాగితంతో వెనక్కి తెచ్చుకునేవాడు.

దుడుకు పనులు అప్పుడూ ఉండేవి. మూడు షెల్లుల బ్యాటరీలో రెండు షెల్లుల బల్బు బిగించేవాళ్లు కుర్రాళ్లు. 2.5 వోల్టుల బల్బుకు 4.5 వోల్టులు. మిరుమిట్లు గొలిపేది, నిమిషాల్లో టప్పుమనేది. వోల్టేజీ నూటికి అయిదు పెరిగినా ఆయుష్షు సగానికి పడిపోయే వస్తువది. ఒక్క బల్బు మాడేసరికి కుర్రాడికి బుద్ధి వచ్చేది, ఎందుకంటే తరువాతి బల్బు వాడి డబ్బుతోనే కొనాలి.

అన్నిటికన్నా నాకు నచ్చిన పని ఫోకసు సరిచేయడం. వెలుతురు నడుమ నల్లమచ్చ వస్తోందంటే ఫిలమెంటు అద్దపు గిన్నె నాభి దగ్గర లేదన్నమాట. పోస్టుకార్డు అట్టను ఉంగరంలా కత్తిరించి బల్బు అంచు కింద పెట్టేవాళ్లం. వెంట్రుకవాసి తేడాకే చెదిరిన వెలుతురంతా ఒక్కచోటికి చేరేది. గిన్నెను మాత్రం ఎవరూ వేలితో తాకకూడదు, తాకితే పూత లేచిపోయేది. షెల్లులు నీరసిస్తే మిద్దె మీద ఎండకు పెట్టేవాళ్లం. వేడికి లోపలి మందు చురుగ్గా పనిచేసి ఇంకో రెండు రాత్రులు ఈడ్చేది. నెల్లూరు నిప్పో అయినా, తొమ్మిది అంకెలోంచి దూకే పిల్లిబొమ్మ ఎవరెడీ అయినా మా మిద్దె మీద ఎండాల్సిందే. ఆ ఎవరెడీ చేసేది యూనియన్ కార్బైడ్ అని మాలో చాలామందికి 1984లో భోపాల్ ఘోరం జరిగినాకే తెలిసింది.

ఇప్పటి వెలుతురు ఎక్కువ, ఒప్పుకుంటాను. కానీ మాది ఎర్రనేల. ఎర్రమట్టిలో, ఎండిన చెనిక్కాయ ఆకుల్లో రక్తపింజరి చుట్టుకుని ఉంటే పాత బల్బు పసుపు వెలుతురులో ఆ గోధుమరంగు మచ్చలు విడిగా తెలిసేవి. చవక ఎల్‌ఈడీల తెల్లని వెలుతురులో ఎరుపు పాలు తక్కువ. మట్టీ, ఆకూ, పామూ అన్నీ ఒకే బూడిదరంగుగా కనపడతాయి. పైగా కాళ్ల దగ్గర అంత తెలుపు పడితే కంటిపాప ముడుచుకుపోయి పది గజాల అవతల చీకటి ఇంకా చిక్కబడుతుంది. వెలుతురు రెండింతలు చేస్తానని రెసిస్టర్ పెరికేవాళ్లు ఈ మాట ఆలోచించాలి.

ఇంకొకటి, ప్లగ్గును నేరుగా గోడకు గుచ్చి చార్జి చేసే చవక బ్యాటరీలు చాలావాటిలో ట్రాన్స్‌ఫార్మరే ఉండదు. గోడలోని 230 వోల్టులకూ లోపలి తీగకూ మధ్య అడ్డం ఉండదు. డొప్ప తెరిచి ఉన్నప్పుడు చార్జింగుకు పెట్టవద్దని మనవడికి గట్టిగా చెప్పినాను.

అసలు వాటికి మర ఉంటే కదా విప్పడానికి! జిగురుతో అతికేస్తారు. షెల్లు చచ్చినా, తీగ ఊడినా, స్విచ్చి తుప్పు పట్టినా ఒకటే దారి, పారేయడం. మా ఇంటి అటక మీద అట్లాంటివి ఏడు ఉన్నాయి. ఏడింట్లోనూ ఎల్‌ఈడీలు బాగానే ఉన్నాయి, నేను చూసినాను. ఒకదాన్ని వేడినీళ్లలో ముంచి అతుకు మెత్తబరిచి, ఊడిన తీగ టంకం వేసి, ఎల్‌ఈడీ వెనక పాత సత్తుగిన్నె రేకు కత్తిరించి బిగించినాను. కరెంటు పెంచలేదు. పోయిన నెల నుంచి మా కోడలు దానితోనే కొట్టంలోకి పోతోంది.

నాయన ఇత్తడి బ్యాటరీకి బల్బు కోసం పోయిన వారం కదిరిలో తిరిగినాను. మూడు అంగళ్లలో లేదన్నారు, నాలుగో అంగడి పెద్దాయన నిచ్చెనేసుకుని పైఅరలోంచి పాత పేపరులో చుట్టిన పొట్లం దించినాడు. 2.5 వోల్టులవి, అయిదు. అయిదూ తీసుకున్నాను. ఒకటి బిగించినాను, నాలుగు ఆవాల డబ్బాలో దాచినాను. రాత్రి కట్ట వైపు వేస్తే తూమురాయి కనపడింది. మనవడు పక్కనే నిలబడి, నడుమ ఆ నల్లమచ్చ ఏంది తాతా అని అడిగినాడు. పోస్టుకార్డు లేదు, వాడి పెన్సిలు డబ్బా అట్ట చింపి కత్తెర వాడి చేతికిచ్చినాను.