దడువాయి బిడ్డ వచ్చువరకు

నేను ఆర్మూరు పసుపు బజారున తీయబడిన యొక ఛాయాచిత్రమును. జానెడెత్తు, జానెడున్నర వెడల్పు గల కాగితమును. నాలో పదునొకండుగురు మనుష్యులు, మూడు పసుపు రాసులు, ఒక కాటా, వారి వెనుక నవనాథ సిద్ధుల గుట్ట బండలు నున్నవి. ఎడమ అంచున నొక మసక కలదు. దానిని చూచినవారందఱును మరక యనిరి.

నా జన్మవృత్తాంతము స్వల్పము. ఒకయేడు సరకు బాగుగా నమ్ముడైన సంతోషమున నొక అడ్తిదారు నిజామాబాదునుండి ఫోటోగ్రాఫరును పిలిపించెను. అతడు నల్లగుడ్డలో తల దూర్చి, “కదలకుండ్రి” అని యఱచిన యా క్షణమే నా ప్రాణము. గాజుపలకపై నిలిచిన వెండి నీడ కాగితమునకు దిగినది. హైపో మందులో ముంచిన పిమ్మట నన్ను తగినంతసేపు మంచినీట కడుగకపోవుటచే ఏండ్లు గడచినకొలది పసుపువాఱితిని. పసుపును బూడిదరంగున చూపుటకు పుట్టిన నాకు ముదిమిలో పసుపురంగే పట్టినది.

కాడి వేఱుగా, మండ వేఱుగా, చూర వేఱుగా పోసిన యా రాసులను, మోకాళ్లదాక పసుపుధూళి పట్టిన హమాలీలను, కాటా యొద్ద చేయెత్తి నిలిచిన దడువాయిని, అనగా తూకము వేయువానిని, నేను చెదరకుండ మోసితిని. ఇద్దఱు సేట్ల చేతులపై కప్పిన యొక రుమాలును మోసితిని. ఆ రుమాలు క్రింద నేమి జరుగుచున్నదో అప్పుడు నాకును తెలియదు.

అడ్తిదారు జీవించియున్నంతకాలము, దుకాణమున గడియారమునకును లక్ష్మీదేవి పటమునకును నడుమ నాకు చోటుండెను. దసరాకు నాకును కుంకుమబొట్టు దక్కెడిది. కుమారుని కాలమున నాపై క్యాలెండరు వ్రేలాడెను. మనుమని కాలమున చట్రము నూడదీసి దానిలో పెండ్లిఫోటో బిగించి, నన్ను పాత తక్‌పట్టీలతో గూడ గోనెసంచిలో కుక్కి అటకపై పడవైచిరి. అచ్చట ఎన్ని వానకాలములు గడిపితినో లెక్కింపజాలను. పెంకు సందున కాఱిన నీరు మొదట తక్‌పట్టీల సిరాను కరగించెను. పిదప చెదలు వానిని తినెను. ఎవని పసుపు ఎన్ని పల్లాలు తూగినదో, ఎవనికెంత ముట్టినదో తెలుపు కాగితములన్నియు నా కన్నులయెదుటనే మట్టియైపోవుచుండగా, నా వంతు ఎప్పుడు వచ్చునా యని కుడిమూల కొఱుకుడుపడిన శరీరముతో నెదురుచూచితిని. ఒకసారి యెవరో నన్ను త్రిప్పి చూచి, వీపుననున్న ఉర్దూ పంక్తిని చదువలేక మరల సంచిలోనే వేసిరి. తుదకు తుక్కు వ్యాపారి వచ్చెను. కాటాను గుండెపై మోసిన నన్ను కాటాపై పెట్టి కిలోల లెక్కన తూచి యిచ్చివైచిరి. అంతకుముందు చెదలు చేసిన గాయమున కంతగా నొవ్వలేదు.

ఛాయాచిత్రములన్నిటికిని నా గతి పట్టలేదు. ఛాయాచిత్రకారులైన రాజా దీన్‌దయాళుగారు నిజాము ప్రభువును, రాజమందిరములను, వేటలను చిత్రించిరి. ఆయన గాజుపలకలు 2,857 నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున భద్రముగా నున్నవి. అది సంతోషింపదగినదే. హైదరాబాదు తార్నాకలోని రాజ్యాభిలేఖాగారమున దివానీ దఫ్తరులున్నవి. కాని పసుపు మోసిన భుజముల చరిత్ర యిండ్లలోని పెట్టెలలోను, ముసలివారి నాలుకలపైనను మాత్రమే యున్నది. స్త్రీశక్తి సంఘటనవారు సాయుధపోరాటమున పాల్గొన్న తెలంగాణ స్త్రీల నోటిమాటలను సేకరించి 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ యను గ్రంథముగా వెలయింపకున్నచో, ఆ తల్లుల మాటలు వారితోనే పోయియుండెడివి గదా!

పాతపుస్తకములకై తుక్కు దుకాణమునకు వచ్చిన యొక డిగ్రీ విద్యార్థిని నన్ను చూచెను. ఆమె నన్ను తెల్లకాగితమున చుట్టి, ఇల్లిల్లు తిరిగి, వృద్ధులయెదుట పెట్టి, వారి మాటలను సెల్లుఫోనున రికార్డు చేయసాగెను. ఒక యింటి అరుగుపై ఎనుబదియైదేండ్లు దాటిన యవ్వ నన్ను ఒడిలో పెట్టుకొని, వ్రేలితో కాటాను తడిమి చాలసేపు పలుకలేదు.

“గీ చెయ్యి లేపి నిలబడ్డాయన మా నాయిన బిడ్డా. దడువాయి. పల్లాకు ఒక్క శేరు గూడ తప్పొద్దని కొట్లాడెటోడు.”

“ఈ రుమాలేందవ్వా?”

“గా రుమాలు కింద ఏళ్లు పట్టుకొని ధర చెప్పుకునేటోళ్లు. రైతుకు దెల్వకుండ.” పిదప ఎడమ అంచుకు వచ్చెను. “గిది మరక గాదు. గిది నేను. కదలద్దన్నరు. నాయిన దగ్గరికి ఉరికిన.”

ఇన్నేండ్లు నేను మోసిన మరక యొక బాలిక యని నాకప్పుడు తెలిసినది. ఎప్పటి మాటయని యడుగగా, “రజాకార్ల గడ్‌బడ్ ఇంకా రెండేండ్లున్నదనంగ” అనెను. ఉర్దూ బడిలో చదివిన మఱియొక వృద్ధుడు నా వీపు చదివెను: 1355 ఫసలీ. దానికి 591 కలిపినచో 1946. అవ్వ జ్ఞాపకమును నా వీపు వ్రాతయు ఒక్కమాట పలికినవి. ఆమె యత్తవారియూరు పోచంపాడు జలాశయమున మునిగినది. ఆ యిల్లు విడిచి వచ్చినప్పటినుండి తండ్రి ముఖము చూపు కాగితమొక్కటియు ఆమెయొద్ద లేదు.

పసుపు కథ నాతో ముగియలేదు. 2019 ఎన్నికలలో పసుపు బోర్డు కొఱకు నిజామాబాదు లోక్‌సభ స్థానమునకు నిలిచిన రైతులు 170కి పైబడిరి. 2025 జనవరి 14న బోర్డు ప్రారంభమైనది. ఆ నడిమి యుద్యమపు చిత్రములు వేలకొలది ఫోనులలో పేర్లు లేకయే యున్నవి. ఫోను పాడైనచో అవి నాకంటె ముందే నశించును. వానిని కాగితముపై ముద్రించి, వెనుక మెత్తని పెన్సిలుతో ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని వ్రాయుడు. ముసలివారి మాట నేడే పట్టుడు.

నాలోని పదునొకండుగురిలో ఐదుగురి పేర్లు తెలిసినవి, మసకలోని బిడ్డ తెలిసినది. ఆరుగురు తెలియరాలేదు. నా ప్రతిని ఆ విద్యార్థిని ఆర్మూరు, పెర్కిట్, మామిడిపల్లి, అంకాపూర్ వాడలలో చూపుచున్నది. మీ తాతగారు పసుపు బజారున మూట మోసియున్నచో, ఒక్కసారి నన్ను చూడుడు.